సొంత తక్కెడ

"సొంతంగా కట్టుకోవడం మంచిదా మాస్టారూ, నలుగురూ కట్టి వదిలేసినది తెచ్చుకోవడం మంచిదా?" అని అలేఖ్య అడిగిన రోజున, గదిలో ఉన్న మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పాపం, ఆ అమ్మాయి మాలో చేరి ఎక్కువ కాలం కాలేదు. గవర్రాజు మాస్టారిని ప్రశ్న అడగడమంటే పని కొని తెచ్చుకోవడమేనని ఆమెకింకా తెలియదు.

మాస్టారు హైదరాబాదులో చాలా ఏళ్ళు బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాశారు. ఒంట్లో ఓపిక ఉండగానే చాలించుకుని సొంతూరు కొవ్వూరు వచ్చేసి, మేడ మీద గదిలో మా బోటి వాళ్ళని కూర్చోబెట్టుకుని పాఠం చెబుతున్నారు. ఎలా రాయాలి అని అడిగితే పూటల తరబడి విసుగు లేకుండా చెబుతారు. ఏది మంచిది అని అడిగితే మాత్రం ఒక్క ముక్క చెప్పరు. ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పనిలో జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు. ఒకసారి నేను ఏ కంప్యూటర్ భాష నేర్చుకుంటే మంచిదని అడిగిన పాపానికి, వాళ్ళ మేనల్లుడి పెళ్ళిలో చేతులు పడిపోయేదాకా వడ్డించాను. అప్పటినుంచీ ఆయన ఎదుట అలాంటి ప్రశ్నల జోలికి పోలేదు.

అలేఖ్య ప్రశ్న వెనక నూకరత్నం గారి పిండివంటల కొట్టు ఉంది. మా ఊళ్ళో చేగోడీలంటే ఆవిడవే, గవ్వలంటే ఆవిడవే. వెనక వంటిల్లు, ముందు అరుగు, ఆ అరుగు మీద డబ్బాలూ కాటా పెట్టుకుని అమ్మకం. భర్త పోయాక ఆ అరుగే ఆవిడని నిలబెట్టింది. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు, అరుగు పోతుందని తేలిపోయింది. వంటిల్లు మిగులుతుంది, పొయ్యి మిగులుతుంది, ఆవిడతో పాటు పిండి కలిపే ఇద్దరు ఆడవాళ్ళు మిగులుతారు. కొనడానికి వచ్చిన మనిషి నిలబడే చోటు మాత్రం మిగలదు. ఇంకో చోట కొట్టు అద్దెకు తీసుకునే తాహతు ఆవిడకి లేదు. దసరా వెళ్ళేలోగా జనం ఫోన్లో కొనడం అలవాటు చేసుకోకపోతే ఆ ముగ్గురికీ పొయ్యి వెలిగించే పని ఉండదు. నేనేమీ పెంచి చెప్పడం లేదు.

బడి నుంచి వస్తూ ఆ అరుగు మీద జంతికలు తిని పెరిగిన పిల్ల అలేఖ్య. ఈ కబురు వినగానే ఉండబట్టలేక, "మీకు ఆన్‌లైన్ కొట్టు నేను పెట్టిస్తాను పిన్నిగారూ, మీరు బెంగ పెట్టుకోకండి," అని మాట ఇచ్చేసి వచ్చింది. నూకరత్నం గారికి ఆన్‌లైన్ అంటే ఏమిటో సరిగ్గా తెలియదు. అలేఖ్య అంటే తెలుసు గనక సరేనన్నారు.

ఇందులో అంత మథనపడటానికి ఏముందని నేను అన్నాను. ఆన్‌లైన్ కొట్టంటే సరుకుల బొమ్మలు, వాటిని వేసుకునే బుట్ట, డబ్బు కట్టే చోటు, చిరునామా, రసీదు. ఇవన్నీ ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేశారు. దాన్నే మేం ఓపెన్ సోర్స్ అంటాం. ఎన్నో కొట్లు దాని మీద నడుస్తున్నాయి. తెచ్చి, పేరు పెట్టి, రంగు మార్చి, తలుపు తెరిస్తే సరిపోయె! అలేఖ్య ఒప్పుకోలేదు.

"అందులో అన్నీ ఉన్నాయండీ, కొసరు లేదు," అంది.

కొసరంటే తెలియని వాళ్ళు మనలో ఉండరు గాని, నూకరత్నం గారి కొసరు తీరు వేరు. తూకం అయిపోయి, పొట్లం మడత పెట్టబోతూ ఆవిడ కాస్త ఆగి ఎదుటి మనిషి మొహం చూస్తుంది. అప్పుడు చెయ్యి ఏ డబ్బాలోకి వెళ్తుందో ఆవిడకే తెలియాలి. చేగోడీలు కొన్న మనిషి చంకలో పసిపిల్ల ఉంటే బెల్లం గవ్వలు పడతాయి. పళ్ళు లేని ముసలాయన అయితే సున్నుండ చిదిమి వేస్తుంది. దిగులుగా ఉన్నవాళ్ళకి కొంచెం ఎక్కువే పడుతుందని మా వీధిలో ఒక నమ్మకం. నేను పరీక్ష తప్పినప్పుడు నాకు నిజంగానే ఎక్కువ పడింది.

"ఆ సాఫ్ట్‌వేర్లో ఆఫర్ ఉంది, కూపన్ ఉంది, డిస్కౌంట్ ఉంది," అని అలేఖ్య మాస్టారితో చెప్పుకుపోతోంది. "కొసరు అని ఒక వరస పెడదామంటే బరువెంత అంటుంది, ధరెంత అంటుంది. సున్నా వేస్తే ఉచితం, ఉచితం అని ఎర్రక్షరాలతో కేకలు పెడుతుంది. పిన్నిగారు ఎప్పుడైనా కేకేసి ఇచ్చారా? ఆఫరైతే కొనకముందే చెప్తారు. కొసరు కొన్నాక పడేది. ఆ తేడా దానికి తెలియదు మాస్టారూ. అందుకే మొత్తం నేనే రాస్తాను. బుట్టా నేనే, రసీదూ నేనే, డబ్బు కట్టే చోటూ నేనే. అందులో కొసరుకి చోటుంటుంది."

ఇది ఆమె చెప్పిన కారణం. చెప్పని కారణం ఇంకొకటి ఉంది. అంతకుముందు పనిచేసిన కంపెనీలో ఆమె ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు సరిచేస్తూ వచ్చింది. ఎప్పుడూ ఇంకొకరి ఇంటికి సున్నం వేయడమే. తన చేత్తో పునాది నుంచి ఒక్కటైనా కట్టాలని, ఇది నేను చేశాను అని ఒకరికి చూపించుకోవాలని ఆశ. ఆ ఆశలో నాకు తప్పేమీ కనపడలేదు, ఇప్పటికీ కనపడదు. పని నేర్చినవాడికి ఆ మాత్రం ఆశ ఉండాలి. అది లేనివాడి చేత పని చేయించుకోవాలంటే నాకు భయం.

మాస్టారు ఇదంతా కళ్ళు మూసుకుని విన్నారు. నిద్రపోయారేమో అని మాకు అనుమానం వచ్చింది గాని, కళ్ళు తెరిచి, "ఆదివారం పొద్దున రత్నమ్మ కొట్లో రద్దీ బాగా ఉంటుంది కదూ?" అన్నారు.

"ఉంటుందండి."

"అయితే ఈ ఆదివారం ఆవిడ లోపల వంట చూసుకుంటుంది. అరుగు మీద నువ్వు కూర్చుని అమ్ము. ఒక్కటే షరతు. ఆవిడ కాటా ముట్టుకోకూడదు. తక్కెడా, తూకపు రాళ్ళూ అన్నీ నువ్వే సొంతంగా చేసి తెచ్చుకోవాలి."

మేం నవ్వు ఆపుకున్నాం. అలేఖ్య మొహం మాత్రం వెలిగిపోయింది. సొంతంగా చెయ్యమన్నారంటే మాస్టారు తన పక్షమేననుకుంది. ఆయన ఆ సాయంత్రమే వెళ్ళి నూకరత్నం గారిని అడిగి వచ్చారు. "ఒక్క పూటే కదండీ మాస్టారూ. పాప సరదా పడతంది, పడనివ్వండి," అందట ఆవిడ. ఉన్న కొద్ది రోజుల అమ్మకంలో ఒక ఆదివారం పొద్దుటి పూటంటే ఆవిడకి చిన్న సంగతి కాదు. అది మాస్టారికీ తెలుసు, అడగడానికి ఆయనకి మనసెలా ఒప్పిందో అని నేను కొంచెం కోపంగా కూడా అనుకున్నాను.

అలేఖ్య తక్కెడ చేసింది. ఏం చేసిందండీ! టేకు బద్దని చెక్కి, నున్నగా గీకి, నడిమధ్యన ముల్లు బిగించింది. రెండు వైపులా స్టీలు పళ్ళేలు గొలుసులతో వేలాడదీసింది. రాళ్ళకి బదులు చిన్న రేకు డబ్బాల్లో గోదావరి ఇసుక పోసింది. లీటరు నీళ్ళు కిలో తూగుతాయని బడిలో చదువుకున్నది గుర్తుపెట్టుకుని, నీళ్ళ సీసా ఒక పళ్ళెంలో పెట్టి, ఇంకో పళ్ళెంలో అలాంటిదే ఖాళీ సీసా, పక్కన డబ్బా పెట్టి, ముల్లు నిటారుగా నిలిచేదాకా ఇసుక చిటికెలతో వేస్తూ తీస్తూ కూర్చుంది. కిలో డబ్బా నుంచి అరకిలో, దాన్నుంచి పావు. మూతలు అతికించి, వాటి మీద రంగుతో అంకెలు వేసింది. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ ఊపి చూసి, "మంచి పనితనం ఉందమ్మాయ్ నీ చేతిలో," అన్నారు. మాటవరసకి మెచ్చుకునే మనిషి కాదాయన. మా అందరికీ కాస్త అసూయ కలిగింది.

ఆదివారం పొద్దున అలేఖ్య అరుగు మీద కూర్చుంది. మాస్టారూ నేనూ పక్కనున్న సూర్యారావు కిరాణా కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాం. మాస్టారు ముందు రోజే గవ్వలు ఒక పొట్లం కొనిపెట్టుకుని, సినిమా చూడ్డానికి వచ్చినట్టు ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటున్నారు. మొదట వచ్చినవాడు ఇస్త్రీ బండి అప్పన్న. అరకిలో జంతికలు అడిగాడు. అలేఖ్య ఇసుక డబ్బా పెట్టి, జంతికలు వేసి, ముల్లు నిలిచేదాకా ఆగి చూపించింది. అప్పన్న ముల్లు వైపు చూడలేదు. డబ్బా వైపు చూశాడు.

"ఇదేంటమ్మా, రత్నమ్మ గారి కాటా ఏమైంది?"

"ఇవాళ నా తక్కెడండి. నేనే చేశాను. చాలా కరెక్టుగా తూగుతుంది."

"ఈ డబ్బా అరకిలో అని ఎవరు చెప్పారు?"

"నేనే తూచి పెట్టానండి."

"నువ్వు తూచావు, బాగానే ఉంది. మరి నిన్నెవరు తూచారమ్మా?"

అప్పన్న వెటకారానికి అన్నమాట కాదది. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. అలేఖ్య పొట్లం కట్టి అతని చేతికిచ్చి, "పక్కన సూర్యారావు గారి కాటా మీద పెట్టి చూసుకోండి," అంది. అప్పన్న వెళ్ళి పెట్టాడు. అరకిలోకి పిసరంత ఎక్కువా లేదు, తక్కువా లేదు. "సరిగ్గా ఉందమ్మా, ఏమనుకోకు," అని చెప్పి వెళ్ళిపోయాడు. అలేఖ్య మావైపు చూసి గర్వంగా నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు.

చిక్కేమిటంటే, తర్వాత వచ్చిన మనిషి అప్పన్నని చూడలేదు. ఆవిడకీ అదే అనుమానం వచ్చింది. ఆవిడకీ నీళ్ళ సీసా కథ, ఇసుక కథ చెప్పాల్సి వచ్చింది. విన్నంతసేపూ తలూపి, ఆవిడ కూడా పొట్లం పట్టుకుని సూర్యారావు కొట్లోకి నడిచింది. ఆ వెనక వచ్చినాయనా అంతే. ప్రతిసారీ తూకం సరిగ్గానే ఉంది, ప్రతిసారీ నమ్మకం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. సూర్యారావు మొదట విసుక్కున్నాడు, తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, చివరికి తన కాటా అరుగు వైపు తిప్పి పెట్టి, "రండి, రండి, తూచుకోండి," అని తనే పిలవసాగాడు. ఈలోగా గాలి వీచి తక్కెడ ఊగితే అది నిలిచేదాకా అందరూ నిలబడాలి. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన ఒకావిడ కాసేపు చూసి, "రేపొస్తాలే," అని వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే ఇంకొకాయన. లోపలి నుంచి నూకరత్నం గారు తొంగి చూశారు. వెళ్ళిపోతున్నవాళ్ళ వీపులు చూసి, మళ్ళీ మూకుడు దగ్గరికి వెళ్ళిపోయారు. కళ్ళెదుట మనిషి కూర్చుని అమ్ముతుంటేనే ఇన్ని అనుమానాలు పడే జనం, రేపు మనిషే కనపడని చోట ఎలా కొంటారు?

అప్పుడు వచ్చింది సుబ్బాయమ్మ గారు. పెద్దావిడ, ఆ కొట్టు పెట్టినప్పటి నుంచీ ఆవిడకి చేగోడీలు అక్కడివే కావాలి. ఆవిడ డబ్బా సంగతీ అడగలేదు, తక్కెడ సంగతీ అడగలేదు. "రత్నం కూర్చోబెట్టిన పిల్లవి, నువ్వెందుకు తప్పు తూస్తావే," అని సంచీ చాపి నిలబడింది. పొద్దున్నుంచీ అందరికీ జవాబు చెప్పి చెప్పి అలేఖ్య అప్పటికే అలిసిపోయింది. నమ్మిన మనిషి ఒకరు దొరికారు గదా, ఆవిడకి వేలెత్తి చూపించే అవకాశం ఉండకూడదని ఆ పిల్ల మరీ జాగ్రత్తగా తూచింది. చేగోడీల పళ్ళెం ఒక పిసరు కిందికి వాలింది. అలేఖ్య పళ్ళెంలోంచి ఒక చేగోడీ తీసి, విరిచి, సగం చేగోడీల డబ్బాలో వేసి, సగం మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. ముల్లు నిటారుగా నిలిచింది.

"చూడండి మామ్మగారూ, సరిగ్గా పావుకిలో."

సుబ్బాయమ్మ గారు ఆ విరిచిన చేగోడీని చూసింది. పొట్లం సంచీలో వేసుకుని, డబ్బిచ్చి, ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టు కాసేపు అక్కడే నిలబడింది. "ఇవాళ కొసరు లేదేంటే అమ్మాయ్?" అంది మెల్లిగా. జవాబు కోసం ఆగలేదు. అడిగినందుకు తనే సిగ్గుపడినట్టు తల వంచుకుని మెట్లు దిగిపోయింది.

అలేఖ్య డబ్బాలోని సగం చేగోడీ వైపు చూసింది. ఏ కొసరు కోసమైతే లోకంలో ఉన్న సాఫ్ట్‌వేర్ అంతా పనికిరాదంటూ వచ్చిందో, ఆ కొసరు పొద్దున్నుంచీ ఒక్క మనిషికీ వెయ్యలేదు. పైగా చేగోడీ విరిచింది. ఆ పిల్ల మొహం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంతలో లోపలి నుంచి నూకరత్నం గారు చేతులకి పిండి అంటుకుని ఉండగానే బయటికొచ్చి, డబ్బాలోంచి గుప్పెడు తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తారు. కిళ్ళీ కొట్టు దగ్గర సుబ్బాయమ్మ గారిని అందుకున్నారు. ఏమన్నారో మాకు వినపడలేదు. ముసలావిడ కొంగు పట్టడం, నవ్వడం కనపడింది.

నూకరత్నం గారు తిరిగొచ్చేసరికి అలేఖ్య వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఊరుకో పాపా, ఎందుకేడుస్తావు? ఒక్క పిసరు కూడా తప్పు తూగలేదంట. సూర్యారావు చెప్పాడు," అని ఆవిడ పిండి చేతులు దూరంగా పెట్టుకుని మోచేత్తోనే దగ్గరికి తీసుకుంది. ఆ ఓదార్పుకి ఏడుపు ఇంకా ఎక్కువైంది.

మాస్టారు లేచి అరుగు దగ్గరికి వెళ్ళారు. 

"నా తక్కెడ తప్పు తూగలేదు మాస్టారూ," అంది అలేఖ్య కళ్ళు తుడుచుకుంటూ.

"లేదమ్మా. అంత మంచి తక్కెడ నేను చూడలేదు."

"పొద్దున్నుంచీ దాన్నే చూసుకుంటూ కూర్చున్నాను. ఒక్కళ్ళ మొహం చూడలేదు."

మాస్టారు వీధి వైపు చెయ్యి చూపించి, "ఇంకా జనం ఉన్నారు. రత్నమ్మ కాటా తీసి పెట్టుకో," అన్నారు.

అలేఖ్య తన తక్కెడ తీసి గోడవారగా పెట్టి, నూకరత్నం గారి పాత కాటా ముందుకి లాక్కుంది. దాని పక్కన తూనికల శాఖ వాళ్ళు వేసిన ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో అక్కడున్న ఒక్కరికీ తెలియదు. అలాంటి కాటా ఊళ్ళో ప్రతి కొట్లోనూ ఉందని మాత్రం తెలుసు. ఆ తర్వాత వచ్చినవాళ్ళెవరూ కాటా వైపు కన్నెత్తి చూడలేదు. అలేఖ్య కూడా చూడలేదు. కంటి చివరతో అంకె చూసుకుని, తలెత్తి మనిషిని చూసింది. పుస్తకాల సంచీతో వచ్చిన ఒక అమ్మాయికి మొదట తడబడుతూ నాలుగు గవ్వలు వేసింది. ఆ తర్వాత తడబడలేదు. కాటాయే పెట్టుకోవాలని మాస్టారు ముందే ఒక్క మాట చెబితే ఈ పూటంతా మిగిలేది కదా అని నేను మనసులో గొణుక్కున్నాను. కాని చెబితే ఆ పిల్ల వినేది కాదు, నేను చెప్తే విందా?

ఆ వారంలోనే అలేఖ్య నలుగురూ రాసిన బుట్టనే తెచ్చి కొట్టుకి పెట్టింది. డబ్బు కట్టే పేజీ చూసి ఇదేంటని ఎవరూ అడగలేదు. ఎక్కడెక్కడో చూసిన పేజీయే, ఎవరెవరో పరీక్ష పెట్టి చూసినదే. ఆమె కాలమంతా ఒక్క కొసరు మీదే ఖర్చు పెట్టింది. మొదట ఎవరికి ఏం వెయ్యాలో కంప్యూటరే ఎంచేటట్టు రాసి, మురిపెంగా తీసుకెళ్ళి చూపించింది. నూకరత్నం గారు ఫక్కున నవ్వి, "నేను వెయ్యకుండా అదే వేసేత్తే కొసరెలా అవుద్ది పాపా?" అన్నారు. ఆ ముక్క మొత్తం చెరిపేసింది. చివరికి తేలినది చాలా చిన్నది. ఆర్డరు వస్తే ఆవిడ ఫోన్లో మనిషి పేరు, ఏం కొన్నారు, కిందటిసారి కొసరుగా ఏం పడిందో కనపడుతుంది. ఆవిడ ఏదో ఒకటి వేసి 'వేశాను' అని నొక్కితే గాని ఆ పొట్లం బయటికి వెళ్ళే దారి తెరుచుకోదు. ఏం వేశారో రసీదులో ఉండదు. పొట్లం చెప్పిన దానికంటే బరువుగా ఉందని కొరియర్ వాళ్ళు వెనక్కి పంపకుండా వాళ్ళకి మాత్రం ముందే చెబుతుంది. కొన్న మనిషికి పొట్లం విప్పాకే తెలుస్తుంది. ఆఫర్లు తప్ప ఇంకేం తెలియని ఆ సాఫ్ట్‌వేర్‌కి ఈ మాత్రం మర్యాద నేర్పడానికి అలేఖ్య ఎంత తంటాలు పడిందో మేం చూశాం.

దసరా ముందే అరుగు కొట్టేశారు. వాళ్ళు రాకముందే ఆ రోజు పొద్దున మేమంతా వెళ్ళి డబ్బాలు లోపలికి మోశాం. నూకరత్నం గారు మాతో పాటు మోస్తూనే ఉన్నారు గాని, ఖాళీ అయిన అరుగు వైపు చూడలేకపోయారు. మొదట్లో ఆర్డర్లు పల్చగానే వచ్చాయి. కొందరు పాతవాళ్ళు ఫోన్ మాకెందుకని తప్పుకున్నారు, వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ లోటు ఆవిడకి ఇప్పటికీ ఉంది. సుబ్బాయమ్మ గారు పక్కింటివాళ్ళ చేత ఫోన్ నొక్కించుకుని చేగోడీలు తెప్పించుకుని, పొట్లంలో సున్నుండ చూసి, "ఒసే రత్నం, నా మొహం కనపడకపోయినా వేశావే!" అని ఫోన్ చేసి మరీ అరిచింది. ఆ కబురు ఆవిడే వీధంతా చెప్పింది. ఆ తర్వాత పొరుగూళ్ళ నుంచీ, పేరు తెలియని ఊళ్ళ నుంచీ కూడా అడగడం మొదలుపెట్టారు. ముగ్గురు ఆడవాళ్ళకీ పొయ్యి దగ్గర తీరిక లేదు. వంటింటి పక్క నుంచి ఎప్పుడు వెళ్ళినా నూనె వాసన వస్తోంది, మాకదే సంతోషం.

కొన్నాళ్ళకి బొబ్బిలి నుంచి జీళ్ళు అమ్మే ఒకాయన అలేఖ్యకి ఫోన్ చేశాడు. వాళ్ళమ్మాయి తెప్పించుకున్న పొట్లంలో కొసరు చూసి, ఆరా తీస్తే నూకరత్నం గారు అలేఖ్య పేరు చెప్పారట. తన కొట్టు కూడా అదే ఓపెన్ సోర్స్ బుట్ట మీద నడుస్తోందట, ఆ కొసరు ముక్క తనకీ కావాలన్నాడు. ఊరికే ఇవ్వొద్దని నేను గట్టిగా చెప్పాను. అంత ఏడ్చి, అంత కష్టపడి చేసిన ఒక్క సొంత పని అది. అలేఖ్యకీ ఇవ్వాలని లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. అయినా తేల్చుకోలేక మేడ మీదికి వచ్చి మాస్టారి ఎదుట కూర్చుంది.

"బుట్ట నలుగురిదే మాస్టారూ, కాదనను. కొసరు ముక్క మాత్రం పూర్తిగా నాది. ఆయనకి ధర కట్టి అమ్మమంటారా, ఊరికే ఇచ్చెయ్యమంటారా? ఇస్తే ఆయన ఒక్కడికే ఇవ్వాలా, అడిగిన వాళ్ళందరికీనా? ఎంతవరకు ఇవ్వాలో మీరే చెప్పండి."

మాస్టారు కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుంటూ, ఆమె మొహం వైపు చాలాసేపు చూశారు.

"కొసరు తూచి వేసేవాళ్ళని ఎక్కడైనా చూశావటమ్మా?" అన్నారు.